శనివారం చదువు: ఈసారి 'శిథిలాలయం'

అందరికీ నమస్కారం. ఈ శనివారం నుంచి పిల్లలతో దాసరి సుబ్రహ్మణ్యం గారి 'శిథిలాలయం' మొదలుపెడదాం. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి ఆయన చందమామలో ఏళ్ల తరబడి రాసిన సీరియల్స్‌లో ఇదొకటి.

ఒక్క మాట. ప్రతి పదానికీ ఆగి అర్థం చెప్పకండి. కిందటిసారి నేను అదే చేశాను. మూడో పేజీకల్లా మావాడు మంచినీళ్ల వంకతో లేచి వెళ్లి మళ్లీ రాలేదు. కథ సాగనివ్వండి. తెలియని మాట కింద పెన్సిల్ గీత చాలు, అదీ ఒక్కో భాగానికి మూడు మాటలు దాటొద్దు. అర్థం ముందు వాళ్లనే ఊహించమనండి, నిఘంటువు తర్వాత.

అసలు పేరుతోనే మొదలుపెట్టొచ్చు. శిథిలం అంటే పాడుబడి కూలినది, దానికి ఆలయం కలిస్తే శిథిలాలయం. ఇది చెప్పిన మర్నాడే మా అమ్మాయి బస్సులోంచి బోర్డు చూసి, "అమ్మా, గ్రంథాలయం అంటే పుస్తకాల గుడా?" అంది. ఆలయం అంటే గుడి ఒక్కటే కాదు, ఇల్లు, చోటు అని కూడా అర్థమని అక్కడే చెప్పాల్సి వచ్చింది. ఇక వరసపెట్టి విద్యాలయం, భోజనాలయం... శౌచాలయం దగ్గర బస్సంతా నవ్వింది.

ఆయనదే 'భల్లూక మాంత్రికుడు' ఉంది కదా, భల్లూకం ఏ జంతువో పిల్లల్ని అడిగి చూడండి. మా ఇంట్లో తిమింగలం దాకా వెళ్లారు గానీ ఎలుగుబంటి అని ఒక్కరూ అనలేదు!

పుస్తకం దొరకనివాళ్లు మెసేజ్ పెట్టండి, నా దగ్గర ఇంకో కాపీ ఉంది. పెన్సిల్ మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.