బ్యారన్ ఐలాండ్ చూసొచ్చానురా

బరంపురం

ఒరే రమణా,

పోర్ట్ బ్లెయిర్ నుంచి వచ్చి మూడు వారాలైంది. ఫోన్‌లో చెప్తే సగం చెప్పి సగం మర్చిపోతానని తీరిగ్గా రాస్తున్నాను. బావ అక్కడే పని చేస్తున్నాడు కదా, వాళ్ల స్నేహితులు బ్యారన్ ఐలాండ్ అనే అగ్నిపర్వత దీవికి పడవ మాట్లాడుకుంటే నేనూ ఎక్కేశాను. పోర్ట్ బ్లెయిర్‌కి ఈశాన్యంగా సుమారు 138 కిలోమీటర్లు. రాత్రి బయల్దేరి తెల్లారేసరికి చేరాం. దీవి మీద దిగనివ్వరు, చుట్టూ తిరిగి చూసి రావడమే.

మనిషన్నవాడు లేని నేలని మొదటిసారి చూశానురా. అడ్డంగా మూడు కిలోమీటర్లుంటుందంతే, ఎత్తు 350 మీటర్ల పైచిలుకు. చూడ్డానికి చిన్న గుట్టే గానీ, అది సముద్రం అడుగునుంచి లేచిన పెద్ద పర్వతం కొస. నీళ్ల కింద రెండువేల రెండొందల మీటర్లకు పైనే ఉంది. పర్లాకిమిడి నుంచి మనం ఎక్కిన మహేంద్రగిరి 1,501 మీటర్లు కదా, మొత్తం కలిపితే ఇది దానికంటే వెయ్యి మీటర్లు ఎక్కువన్నమాట.

పడమటి వైపు పాత కొండగోడ విరిగి పెద్ద వాకిలిలా తెరుచుకుని ఉంటుంది. లోపల బూడిద రంగు శంకువు, దాని కొసన సన్నగా పొగ. ఆ వాకిలిలోంచే లావా సముద్రంలోకి దిగింది. గడ్డకట్టిన ఆ నల్లరాయి ఎంత గరుకుగా ఉందంటే, దున్ని వదిలేసిన రేగడి చేను ఎండి పెళ్లలు లేచినట్టుంది, ఒక్కో పెళ్ల మాత్రం మనిషంత. గాలి మళ్లినప్పుడు గంధకం వాసన వచ్చింది, గొంతులో మంట పుట్టింది.

మన దేశంలో ఇంకా రగులుతున్న అగ్నిపర్వతం ఇదొక్కటే. 1787లో పేలినట్టు మొదటిసారి రాసిపెట్టారు. తర్వాత 1800ల తొలి దశాబ్దాల్లోనూ రేగి, ఇంచుమించు ఒకటిన్నర శతాబ్దం పడుకుని 1991లో లేచింది. అప్పట్నించీ కుదురు లేదు, 2005లో, 2017లో మళ్లీ మళ్లీ. 2017 జనవరిలో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్లు దగ్గర్లో సముద్రం అడుగు మట్టి తీస్తుంటే వాళ్ల కళ్లముందే బూడిద కక్కింది, చీకటి పడ్డాక ఎర్రటి లావా చిమ్మింది.

కారణం తెలిశాక నాకు ఇంకా ఆశ్చర్యం వేసింది. భూమి పైపొర పెద్ద పెద్ద రాతి పలకలుగా ఉంటుంది, వాటినే ప్లేట్లంటారు. నువ్వూ నేనూ నిలబడ్డ ఈ నేల, ఇండియన్ ప్లేటు, తూర్పున అండమాన్ దగ్గర బర్మా ప్లేటు కిందకి దూరుతోంది. దూరేటప్పుడు రాళ్లలో పట్టి ఉన్న నీటిని కూడా తీసుకుపోతుంది. లోతుకెళ్లేకొద్దీ వేడికి ఆ నీరు బయటికొచ్చి పైనున్న రాతిలోకి ఎక్కుతుంది. ఉత్త బెల్లం గిన్నెలో పెడితే మాడుతుంది, చెంచాడు నీళ్లు పోస్తే పాకమవుతుంది చూడు, అలా ఆ రాయి మామూలు కంటే తక్కువ వేడికే కరిగి పైకి తంతుంది.

ఇదంతా ఒకెత్తు, తూర్పు దిక్కుకి తిరిగాక చూసింది ఒకెత్తు. అటువైపు పాత గోడ బయటి వాలంతా చిక్కటి అడవిరా! బ్యారన్ అంటే గొడ్డు నేల అని కదా, ఆ పేరు పెట్టినవాళ్లు పడమటి వాకిలి చూసి వెళ్లిపోయారేమో అనిపించింది. తెల్లటి పావురాలు, రెక్కల అంచున నలుపు, కొమ్మ మీంచి కొమ్మకి ఎగురుతున్నాయి. 1991 పేలుడు తర్వాత 1993 ఏప్రిల్‌లో జియలాజికల్ సర్వే వాళ్లు వెళ్తే, అంతకుముందు తెలిసిన 16 రకాల పక్షుల్లో ఆరే కనిపించాయట. ఆ ఆరింట్లోనూ ఎక్కువ కనిపించినవి ఈ పావురాలే. పండు మింగి ఎక్కడో గింజ వదిలే పక్షి అది, కాలిన చోట మళ్లీ చెట్టు మొలవడంలో ఇలాంటి పిట్టలదే పెద్ద చెయ్యి. అది చదివాక వాటిని చూస్తుంటే కళ్లు చెమర్చాయి, నిజం.

మనిషి లేడన్నాను గానీ, మనిషి వల్ల వచ్చినవి ఉన్నాయి, ఎలుకలు, మేకలు. బ్రిటిష్ కాలంలో వదిలిన మేకలు అడవివైపోయి అక్కడే పిల్లల్ని పెట్టుకుంటూ ఉన్నాయి. మనకది ముచ్చటగానే ఉంటుంది, కానీ మొలక తల ఎత్తగానే కొరికేసే నోరు అది. దిగనివ్వకపోవడం నాకు బాగా నచ్చింది. ఫొటో కోసం ఒక్క అడుగంటూ ఎవరికైనా ఒప్పుకుంటే, మరుసటి సీజనుకి అక్కడ చిప్స్ ప్యాకెట్లుంటాయి. మన గోపాలపూర్ ఒడ్డు చూస్తున్నాం కదా.

గోపాలపూర్ అంటే గుర్తొచ్చింది. ఒడ్డున పుట్టే చాలా చెట్ల గింజలు ఉప్పునీళ్లలో తేలుతూ దీవులకి చేరతాయట, మన వీధి బాదంకాయ, మొగలి కాయ కూడా. మన గంజాం మొగలి అత్తరుకి పేరున్న జిల్లా, అయినా కాయ దొరకడానికి వెతకాల్సి వచ్చింది, పూలకోసం పెంచేవి మగచెట్లే కదా. చివరికి ఛత్రపూర్ దాటాక ఒక డొంకలో పండిన కాయ దొరికింది. ఒక ముక్క విడదీశాను, అనాసపండు కన్నులా గట్టిగా, లోపలంతా పీచు. ఎన్నాళ్లు తేలుతుందో చూద్దామని బకెట్లో సముద్రపు నీళ్లు తెచ్చి మేడ మీద పెట్టి అందులో వేశాను. ఫాల్గుణంలో రుషికుల్య నది దగ్గరికి గుడ్లు పెట్టే తాబేళ్లని చూడ్డానికి వస్తావు కదా, అప్పటిదాకా ఉంచుతాను. ఇవాళ్టికి పదకొండో రోజు, ఇంకా తేలుతూనే ఉంది.

నీ
సత్యం