జవాను ఫొటో ఎంత సైజు వేయమంటారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

నాది గుంటూరు అరండల్‌పేటలో చిన్న ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపు. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, వర్ధంతులు, లీడర్లకు స్వాగతాలు, ఇవే మాకు తిండి పెట్టేవి. సరిహద్దులో మన తెలుగు కుర్రాడు ఎవరైనా చనిపోయాడని టీవీలో స్క్రోలింగ్ పడితే సాయంత్రానికల్లా షాపు ముందు నాలుగు బళ్లు ఆగుతాయి. ‘జోహార్ వీర జవాన్’ డిజైను మా సిస్టంలో రెడీగా ఉంటుంది. వెనకాల జెండా, కింద రెండు కొవ్వొత్తులు, మధ్యలో ఫొటో, పేరు మారిస్తే సరిపోతుంది. ఒకసారి ఒక కుర్రాడు పది బై ఎనిమిది ఆర్డరిచ్చి, చుట్టూ పెట్టడానికి పదకొండు మంది లీడర్ల ఫొటోలు వాట్సాప్‌లో పంపాడు. అన్నీ సర్దేసరికి ఒకాయన మొహం పట్టలేదు. "అన్నా, జవాను ఫొటో కొంచెం తగ్గించు, మావాడు కనపడట్లేదు" అన్నాడు. తగ్గించాను. బేరం వదులుకునే స్తోమత నాకు లేదు. ఆ రాత్రి మిషన్‌లోంచి ఫ్లెక్స్ మెల్లగా దిగుతుంటే ముందు లీడర్ల తలకాయలు వచ్చాయి, ఆ తర్వాత వాళ్ల భుజాల సందులోంచి ఆ కుర్రాడి టోపీ వచ్చింది. అప్పుడు మా అన్నయ్య గుర్తొచ్చాడు.

మా పెదనాన్న కొడుకు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్ అయి, రెండు మూడు చోట్ల తిరిగి, చివరికి మన దేశం పంపిన శాంతి సేనలో శ్రీలంక వెళ్లాడు. 1988లో వవునియా దగ్గర రోడ్డు మీద మందుపాతర పేలి చనిపోయాడు. తంతి వచ్చేసరికి నేను పదో తరగతి. ఇంగ్లీషులో ఉంటే హైస్కూలు మాస్టారి దగ్గరికి పట్టుకెళ్లాం, ఆయన చదివి, చదివింది నాకు చెప్పకుండా మా నాన్నని పిలుచుకు రమ్మన్నారు. శవం రాలేదు. అప్పట్లో వచ్చేవి కావు లెండి, చనిపోయిన చోటే దహనం చేసేసేవారు. పెట్టెలో పెట్టి ఊరిదాకా తీసుకురావడం అనేది 1999లో కార్గిల్‌తోనే పెద్ద ఎత్తున మొదలైంది, టీవీలు కూడా అప్పుడే అలా వెంట వచ్చాయి. మా ఇంటికి మాత్రం మూతకు గుడ్డ కట్టిన చిన్న డబ్బాలో అస్థికలు తోటి జవాను ఒకాయన తెచ్చిచ్చాడు. సీతానగరం వెళ్లి కృష్ణలో కలిపి వచ్చాం.

తర్వాత కొన్నాళ్లకు రైల్లో పార్శిల్‌గా నల్ల ట్రంకు పెట్టె వచ్చింది, తెల్ల పెయింటుతో నంబరు, పేరు. లోపల కొబ్బరినూనె సీసా ఒలికి బట్టలన్నీ జిడ్డు. ఒక స్వెట్టరు, షేవింగ్ సెట్టు, ఎనామిల్ మగ్గు, జేబులో పట్టేంత నోటుబుక్కు. ఆ బుక్కులో తెలుగు అక్షరాలతో తమిళం మాటలు రాసుకున్నాడు. ‘తణ్ణి - నీళ్లు’, ‘నిల్లు - ఆగు’, ‘బయప్పడాదే - భయపడకు’. అలా ఓ రెండు పేజీలు. వేరే దేశంలో గస్తీ తిరిగేవాడు అక్కడి జనాన్ని భయపడకండి అనడానికి ఆ మాట నేర్చుకున్నాడంటే, ఎంత కొత్తగా, ఎంత బెరుకుగా ఉండి ఉంటాడో అని ఇప్పటికీ అనుకుంటాను.

ఊళ్లో పరామర్శకు వచ్చినవాళ్లంతా అడిగింది ఒకటే: "శ్రీలంకలో మనోడికేం పనిరా?" ఎవరి దగ్గరా జవాబు లేదు. ఎమ్మెల్యే రాలేదు. ఫొటో పట్టుకుని ఊరేగింపు లేదు. మీలాంటి పత్రికల్లో వచ్చిందో లేదో కూడా మాకు తెలియదు.

జవాబు తర్వాత్తర్వాత చదువుకుని తెలుసుకున్నాను. 1987 జూలై 29న కొలంబోలో మన ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు పెట్టారు, అక్కడి తమిళుల్ని కాపాడటానికి, వేరే తమిళ దేశం కోసం పోరాడే ఎల్టీటీఈ టైగర్ల చేత ఆయుధాలు కింద పెట్టించడానికి అని మన సైన్యం వెళ్లింది. రెండు నెలలు తిరిగేసరికి ఆ టైగర్లతోనే యుద్ధం. అక్టోబరులో జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్ల నుంచి దిగిన సిక్కు పటాలంలోని 30 మందిలో 29 మంది చనిపోయారు, ఒక్కడు బందీగా దొరికాడు. మొత్తమ్మీద 1,100 మందికి పైగా మనవాళ్లు ఆ గడ్డ మీద పోయారు. మేజర్ రామస్వామి పరమేశ్వరన్‌కు మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు, మా షాపుకొచ్చే డిగ్రీ కుర్రాళ్లను ఆ పేరు అడిగితే క్రికెటరా అంకుల్ అన్నాడొకడు.

1989 ఎన్నికల సభలకు మా నాన్న వెంట నేనూ వెళ్లాను. బోఫోర్స్, బోఫోర్స్ అని మైకులు పగిలిపోయేవి. ఫిరంగి ఖరీదు గురించి అన్ని మాటలు చెప్పినవాళ్లు, ఫిరంగి దళంలో పనిచేసి పోయిన మావాడి గురించి ఒక్క ముక్క అనలేదు. పంపించినవాళ్లకు ఆ మాట ఎత్తితే నష్టం, వాళ్లను దించాలనుకున్నవాళ్లకు ఎత్తితే పెద్ద లాభం లేదు. 1990 మార్చిలో ఆఖరి దళాలు మద్రాసు రేవులో దిగితే ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్లలేదు. తమిళుల్ని చంపి వచ్చిన సైన్యానికి స్వాగతం ఏమిటన్నది ఆయన పట్టు. అక్కడి జనం పడ్డ బాధలు నిజమే, వాటినీ దాచక్కర్లేదు, కానీ ఓడ దిగినవాడు జవాను, పంపింది ప్రభుత్వం. కోపం ఎవరి మీదో, మొహం చాటేసింది ఎవరి దగ్గరో. 1991 మేలో శ్రీపెరంబుదూరులో ఆ టైగర్లే రాజీవ్ గాంధీని చంపేశాక గానీ మా ఊళ్లో సగం మందికి అన్నయ్య ఎవరితో పోరాడి చనిపోయాడో అర్థం కాలేదు.

ఇంకో సంగతి చూడండి. వీళ్ల పేర్లతో స్మారకం కట్టింది శ్రీలంక. కొలంబో పక్కన బత్తరముల్లలో, 2008లో. మన సైన్యాన్ని పొమ్మన్న దేశమే వీళ్ల పేర్లు చెక్కించింది. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం 2019 ఫిబ్రవరిలో తెరిచాక ఇక్కడా రాళ్ల మీదికి ఎక్కారు. మా వదిన ఢిల్లీ వెళ్లలేదు. మోకాళ్లు నొప్పులు, పైగా ఇప్పుడు వెళ్లి ఏం చూస్తానయ్యా అంటుంది.

ఇప్పటి జవాన్లకు జరిగేదాన్ని నేను తప్పుపట్టడం లేదు, తప్పుగా అనుకోవద్దు. 2020లో గల్వాన్‌లో కర్నల్ సంతోష్ బాబు చనిపోతే తెలంగాణ ప్రభుత్వం 5 కోట్లు, ఆయన భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. 2025 మేలో కల్లితండా కుర్రాడు మురళీ నాయక్ కశ్మీర్‌లో పోతే మన ప్రభుత్వం 50 లక్షలు, ఐదెకరాలు, ఇంటి స్థలం, ఉద్యోగం ప్రకటించింది, అన్ని పార్టీల పెద్దలూ ఆ తండాకు వెళ్లారు. ఇవ్వాల్సిందే, వెళ్లాల్సిందే. నా బాధల్లా, ఏ గడ్డ మీద పోయాడు, టీవీలో వచ్చాడా లేదా, పక్కన శత్రువు పేరు ఎవరిది అని చూసి మనం దుఃఖం కొలుస్తున్నాం. ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లో ప్రాణాలు పోయినవాళ్లలో అన్ని దేశాలకంటే మనవాళ్లే ఎక్కువ, 170 మందికి పైగా. 1961లో కాంగోలో కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా దగ్గర్నుంచి, 2022లో అదే కాంగోలో బుటెంబోలో పోయిన ఇద్దరు బీఎస్ఎఫ్ జవాన్ల దాకా. ఆ ఇద్దరి కోసం గుంటూరులో నా దగ్గరికి ఒక్క ఆర్డరు రాలేదు. కాంగో మీద కోపం తెచ్చుకుని ఎవరికి ఓట్లు పడతాయి?

బ్రిటన్‌లో వుటన్ బాసెట్ అని చిన్న టౌను. ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో చనిపోయిన వాళ్ల పెట్టెలు దగ్గర్లోని విమానాశ్రయంలో దిగి ఆ ఊరి మీదుగా వెళ్లేవి. 2007 నుంచి 2011 దాకా ప్రతిసారీ జనం షాపులు ఆపి, రోడ్డు పక్కన నిలబడి, మాట్లాడకుండా తల వంచేవారు. స్టేజీ లేదు, మైకు లేదు. ఆ యుద్ధం తప్పని నమ్మినవాళ్లు కూడా నిలబడేవారట. అలాగని అక్కడంతా గొప్ప అనడం లేదు. 2009లో ప్రధాని గోర్డన్ బ్రౌన్ ఒక సైనికుడి తల్లికి చేత్తో ఉత్తరం రాస్తూ ఇంటిపేరు తప్పు రాశాడు. ఆమె ఊరుకోలేదు. ఆయన క్షమాపణకు ఫోన్ చేస్తే, సరిపడా హెలికాప్టర్లు లేకుండా మా పిల్లల్ని ఎందుకు పంపారని నిలదీసింది, ఆ మాటలు రికార్డు చేసి పేపరుకిచ్చింది. దేశమంతా దాని మీద గొడవ.

ఇంటిపేరు తప్పు అని చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. సైన్యం రికార్డులో మా అన్నయ్య పేరు ముందు, ఇంటిపేరు వెనక. రేషన్ కార్డులో ఇంటిపేరు ముందు. సైన్యం కుటుంబ వివరాలు రాసుకునే పార్ట్ టూ ఆర్డర్‌లో వదిన పేరుకు ఒక అక్షరం తక్కువ. పెన్షన్ కోసం ఒక ఆఫీసుకు వెళితే ఇద్దరూ ఒకరేనని రుజువేంటి అన్నారు. అఫిడవిట్ తెమ్మన్నారు, తెస్తే గెజిటెడ్ సంతకం అన్నారు, అది పెట్టిస్తే స్టాంపు సరిగా పడలేదన్నారు. పదకొండు నెలలు. చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని తెనాలి నుంచి గుంటూరు బస్సు ఎక్కి దిగడమే వదిన పని. ఏ ప్రధానీ ఫోన్ చేయలేదు, ఆమె ఎవరినీ నిలదీయలేదు, ఆ రోజుల్లో మా ఇంట్లో ఫోనే లేదు.

నేను అడిగేది చిన్న పని. మళ్లీ అక్టోబరు వచ్చినప్పుడు మీ జిల్లా ఎడిషన్‌లో ఒక్క రోజు, శ్రీలంకలోనూ ఇతర దేశాల్లోనూ పోయిన మన గుంటూరు, కృష్ణా జవాన్ల పేర్లు వేయండి. పేర్లు చాలు. ఫొటోలు దొరక్కపోవచ్చు, దొరికినా మా ఇంట్లో ఉన్నది మసకబారి పోయింది. పక్కన ఏ లీడరు ఫొటో ప్రకటనగా ఇచ్చినా ఆ పేజీకి తీసుకోవద్దు, మిగతా పేజీలు మీ ఇష్టం. మా అన్నయ్య పేరు దొరికితే మాత్రం ఇంటిపేరు ముందు వేయండి, వదిన వెతుక్కుంటుంది.

ఇట్లు,
ఒక ఫ్లెక్స్ షాపు యజమాని,
అరండల్‌పేట, గుంటూరు.