కారు ఏసీలో గ్యాస్ ఊరికే అయిపోదు

గౌరవనీయ సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రిక జిల్లా పేజీల్లో వేసవి జాగ్రత్తలు వేశారు. అందులో ‘ఏటా ఎండలు ముదరకముందే కారు ఏసీలో గ్యాస్ నింపించుకోవాలి’ అని ఒక ముక్క ఉంది. సరిగ్గా ఆ మాట నమ్మే ఏడాది తిరక్కుండా మూడుసార్లు డబ్బు పోసుకున్నదాన్ని కనక ఈ ఉత్తరం రాస్తున్నాను.

గుంటూరు నుంచి సత్తెనపల్లికి రోజూ కారులో వెళ్లి ఇంటర్ పిల్లలకు ఫిజిక్సు చెప్పొస్తాను. ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టుపక్కల వేడిని లాక్కుంటుందని, దాన్నే బాష్పీభవన గుప్తోష్ణం అంటారని బోర్డు మీద రాసి కింద గీత కూడా గీస్తాను. కారు ఏసీలో జరిగేదీ అదే. గ్యాస్ డాష్‌బోర్డు వెనక ఆవిరవుతూ వేడి లాగుతుంది, రేడియేటర్ ముందుండే కండెన్సర్‌లో ఆ వేడి వదిలేసి ద్రవమవుతుంది, మళ్లీ లోపలికి వస్తుంది. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతుంటుంది, పెట్రోలులా మండిపోదు. ఇంత తెలిసీ, షాపు కుర్రాడు ‘గ్యాస్ అయిపోయింది మేడమ్’ అనగానే పర్సు తీశాను.

అది నిరుడు ఏప్రిల్‌లో. మా అత్తయ్యను కంటి డాక్టరుకు చూపించడానికి నరసరావుపేట తీసుకెళ్తుంటే, ‘ఇది ఏసీనా, వడగాలా? అద్దం దించమ్మాయ్, అదే నయం’ అంది. 1,600 రూపాయలిచ్చి గ్యాస్ ఎక్కించాను. ఆగస్టుకల్లా మళ్లీ మామూలే. రెండో షాపతను మిగిలిన కాస్త గ్యాసునూ బుస్సున గాల్లోకి వదిలేసి, కొత్తది పట్టి, గాలి వచ్చేచోట అరచెయ్యి పెట్టి ‘చూడండి, మంచులా లేదూ!’ అన్నాడు. తూకం లేదు, లెక్క లేదు. ఈ మార్చిలో మూడోసారి. పోయిన గ్యాస్ ఎటు పోయిందని వాళ్లెవరూ అడగలేదు. నేనూ అడగలేదు. పాఠం చెప్పే నోరు అక్కడ పెగల్లేదు మరి.

చివరికి మావారి స్నేహితుడు చెబితే విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాం. ఆయన ముందు ఏసీ వేయించి, బానెట్ ఎత్తి చెవి ఒగ్గాడు. గ్యాసును నొక్కి తిప్పే కంప్రెసర్‌ను ఇంజిన్‌తో కలిపే క్లచ్ పట్టుకుంటే టక్కుమని వినపడాలి. వినపడలేదు. గ్యాస్ మరీ తగ్గిపోతే కంప్రెసర్ పాడవకుండా ప్రెషర్ స్విచ్ దాన్ని ఆపేస్తుందట. తర్వాత టార్చి వేసి కండెన్సర్ కింది మూల చూపించాడు. రూపాయి బిళ్లంత మేర దుమ్ము జిడ్డుగా అంటుకుని నల్లగా ఉంది. ‘గ్యాస్ కారితే కనపడదు టీచరమ్మా, దాంతోపాటు తిరిగే నూనె కనపడుద్ది’ అన్నాడు. గొట్టాల్లోకి ఒత్తిడితో నైట్రోజన్ పట్టి సబ్బు నురగ రాస్తే ఆ మచ్చ దగ్గరే చిన్న చిన్న బుడగలు లేచాయి. కండెన్సర్ మార్చాడు, తేమ పీల్చే డ్రయ్యర్ మార్చాడు, అరగంట వ్యాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలీ తేమా లాగేశాడు. అప్పుడు బానెట్ కింద స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములని ఉందో చూసి, సిలిండర్‌ను కాటా మీద పెట్టి అంతే ఎక్కించాడు. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుందట. ఏడు వేల చిల్లర అయింది. మూడుసార్లు పోసిన డబ్బు ఇందులోకి వచ్చి ఉంటే సగానికి పైగా తీరిపోయేది!

మా కెమిస్ట్రీ సారుది ఇంకో కథ. ఆయన కారు పోతున్నంతసేపూ చల్లగానే ఉంటుంది, రైల్వే గేటు దగ్గర ఆగితే వేడి గాలి. కండెన్సర్ ఫ్యాన్ తిరగడం లేదంతే, పరుగులో ఎదురుగాలి దాని పని చేసిపెడుతోంది. ఆయనకీ గ్యాసే పట్టారు. ఇక గాలే సన్నగా వస్తుంటే ముందు గ్లవ్‌బాక్స్ వెనకుండే ఫిల్టర్ చూడాలి. పత్తి లారీల వెనక, మిర్చి టిక్కీల బళ్ల వెనక తిరిగే మన కార్లలో ఆ ఫిల్టర్ తీస్తే పరుపు చింపినట్టుంటుంది.

డబ్బు సంగతి అలా ఉంచండి. చాలా కార్లలో ఉండే ఆర్-134ఏ గ్యాస్ ఒక కిలో గాల్లో కలిస్తే, వందేళ్ల లెక్కన సుమారు 1,400 కిలోల కార్బన్ డయాక్సైడంత వేడి పెంచుతుంది. ఇలాంటి గ్యాసుల వాడకం తగ్గించుకోవాలని 2016లో రువాండా రాజధాని కిగాలిలో దేశాలన్నీ ఒప్పుకున్నాయి, మన దేశం 2021లో ఆమోదించింది. ఇక్కడేమో బుస్సున వదలడం, మళ్లీ పట్టడం.

గ్యాస్ పట్టే ప్రతి షాపూ ఎన్ని గ్రాములు ఎక్కించిందో, లీకు పరీక్ష చేసిందో లేదో బిల్లు మీద రాయాలని రవాణా శాఖ అధికారులు ఆదేశిస్తే బాగుంటుంది. మీరు మాత్రం వచ్చే ఆదివారం ఆ పేజీలోనే, ‘గ్యాస్ నింపించుకోవాలి’ అన్నచోట ‘లీకు చూపించుకోవాలి’ అని సవరణ వేయగలరు.

— ఒక ఫిజిక్స్ లెక్చరర్, గుంటూరు