జపాన్ సీరియళ్ళ గురించి అమ్మకి

ప్లేనో, టెక్సస్
జూన్, ఆదివారం

అమ్మా,

నువ్వూ నాన్నగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేనిక్కడ క్షేమం. మామ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? నేను పంపిన బెల్టు పెట్టుకుంటోందా, కొత్తది పాడవుతుందని బీరువాలో దాచిందా? కాస్త కనిపెట్టి చూడు.

మొన్న ఫోన్లో నువ్వు ఏదో అడగబోయి ఆగిపోయావు. పక్కన అందరూ ఉన్నారని నేనూ రెట్టించలేదు. తర్వాత వదిన చెప్పింది. నేను రాత్రి రెండింటిదాకా జపాన్ వాళ్ళ సీరియళ్ళు చూస్తూ కూర్చుంటున్నాననీ, మనవాళ్ళ ఫంక్షన్లకి రావడం మానేశాననీ అన్నయ్య నీతో అన్నాడట. ఆ రాత్రి నువ్వు సరిగా పడుకోలేదట. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లో అయితే మొదలుపెట్టగానే అన్నం తిన్నావా అంటావు, మాట అటు పోతుంది. తిన్నాను. బెండకాయ వేపుడు, చారు.

ఆఫీసు బాగానే ఉంది. మా టీమ్‌లో ఇద్దర్ని తీసేశారు, నాకేం ఢోకా లేదన్నారు. దాని గురించి టెన్షన్ పడకు.

రెండింటిదాకా కూర్చునేది శుక్రవారం రాత్రి మాత్రమే. మిగతా రోజుల్లో పదకొండింటికల్లా పడుకుంటాను. ఉగాది ఫంక్షన్‌కి వెళ్ళలేదన్నది నిజం. రూమ్మేట్ పెళ్ళయి సియాటిల్ వెళ్ళిపోయిన కొత్తలో, నలుగురిలోకి వెళ్ళి "ఇప్పుడెక్కడుంటున్నావు, ఒక్కదానివేనా" అన్న ప్రశ్నకి మళ్ళీ మళ్ళీ జవాబు చెప్పే ఓపిక లేకపోయింది. అంతే తప్ప మనవాళ్ళంటే విముఖత ఏమీ లేదు. దసరాకి వెళ్తాను.

తను వెళ్ళాక ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. తెలుగు సీరియల్ పెట్టుకుంటే నువ్వు గుర్తొచ్చి ఇంకా దిగులేసేది. నువ్వు 'మొగలి రేకులు' చూసే రోజులు గుర్తున్నాయా? మర్నాడు పొద్దున్నే గోడకి ఇటు నువ్వు, అటు పక్కింటి అత్తయ్యగారు. లోపల పాలు పొంగిపోతున్నా సరే, వాడు అంత మాట అనొచ్చా, ఆవిడ ఊరుకోవచ్చా అని వాదించుకునేవాళ్ళు. నేను బ్రష్ నోట్లో పెట్టుకుని వింటూ నిలబడేదాన్ని. సీరియల్ కన్నా నాకు ఆ మాటలే ఇష్టం.

జపాన్‌వి ఎలా మొదలయ్యాయంటే, ఒకరోజు నెట్‌ఫ్లిక్స్‌లో 'మిడ్‌నైట్ డైనర్' కనపడింది. జపాన్‌లో అది 2009లో మొదలైంది, 2016 నుంచి నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు కొత్త భాగాలు వేశారు. టోక్యోలో షింజుకు అనే చోట ఒక సందులో చిన్న హోటలు. అర్ధరాత్రి పన్నెండింటికి తీసి, పొద్దున ఏడింటికి మూసేస్తాడు. నడిపే ఆయన్ని అందరూ మాస్టర్ అంటారు, కంటి మీదుగా ఒక గాటు ఉంటుంది. ఎందుకు పడిందో చెప్పరు. గోడ మీద రాసి ఉన్న భోజనం ఒక్కటే, మాంసం ముక్కలు వేసిన పులుసుతో అన్నం. కానీ సరుకులుంటే ఎవరేం అడిగినా వండి పెడతాడు.

అందులో ఒక భాగంలో పేరు రాని ఒక పాటగత్తె వస్తుంది. ఆ అమ్మాయి అడిగేది వేడి వేడి అన్నం, దాని మీద ఎండబెట్టిన చేపని పల్చగా చివ్విన పొట్టు, కాస్త సోయా సాస్. ఆ పొట్టు అన్నం వేడికి కదులుతూ ఉంటుంది. దగ్గరగా చూపిస్తారు. నాకైతే నువ్వు జ్వరం తగ్గిన రోజు వేడన్నంలో కారప్పొడి, నెయ్యి వేసి కలిపిన ముద్ద కళ్ళ ముందు కనపడింది. అర్ధరాత్రి లేచి కుక్కర్ పెట్టాను. ఆ అమ్మాయికి తర్వాత పేరొస్తుంది, కానీ ఎక్కువకాలం బతకదు. నీకు చెబుతూ చూస్తే బావుండుననిపించింది.

నువ్వు ఆశ్చర్యపోయే సంగతి ఇంకొకటి. అక్కడ సీరియల్ మామూలుగా వారానికి ఒక్కసారే వస్తుంది. పది పదకొండు వారాలు, అయిపోతుంది. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ నెలల్లో కొత్తవి మొదలవుతాయి. రాసేవాళ్ళకి ముగింపు ముందే తెలుసు కాబట్టి ఎక్కడా సాగదీయరు. చచ్చిపోయినవాళ్ళు మళ్ళీ తిరిగి రావడం ఉండదు. నాకు అందుకే నచ్చుతాయి. అన్నయ్య వీటిని వ్యసనం అన్నాడట. అయిపోతుందని తెలిసి చూసేది వ్యసనం ఎలా అవుతుంది?

ఇవి దొరకడమే కష్టం. కొరియావి ఎక్కడ చూసినా ఉంటాయి. జపాన్ ఛానళ్ళకి వాళ్ళ దేశంలోనే బోలెడు ప్రేక్షకులు, బోలెడు ప్రకటనలు. బయటి దేశాలకి అమ్మాలన్న తొందర వాళ్ళకి చాలాకాలం లేదు. పాటల హక్కులు ఒకరివి, నటుల ఏజెన్సీల ఒప్పుకోలు ఇంకొకటి. టీవర్ అని అక్కడి పెద్ద ప్రైవేటు ఛానళ్ళు కలిసి ఉచితంగా చూపించే యాప్ ఉంది, జపాన్‌లో ఉంటేనే పనిచేస్తుంది. డీవీడీలు కొనుక్కుందామంటే ధర ఎక్కువ, ఇంగ్లీషు అక్షరాలుండవు, పైగా అమెరికా ప్లేయర్‌లో ఆడవు. వికీ (Viki) అని సీరియళ్ళు చూపించే సైటు ఒకటుంది, దాంట్లో కొన్నింటికి ఊరూపేరూ తెలియని వాలంటీర్లు కూర్చుని ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ రాస్తారు. పైసా తీసుకోరు. ఒక్కో వాక్యం చదువుతుంటే ఎవరి పుణ్యమో అనుకుంటాను. జపాన్‌లో సోమవారం రాత్రి తొమ్మిది గంటల సీరియల్ అంటే పెద్ద పేరు. ఆ టైముకి ఇక్కడ సోమవారం పొద్దున్న ఏడు. నేను టిఫిన్ డబ్బా కట్టుకుంటూ, అక్కడ ఇప్పుడు మొదలై ఉంటుంది అనుకుంటాను.

ఇప్పుడు నువ్వు అసలు వినాల్సిన మాట. నేను ఒక్కదాన్నే చూడటం లేదమ్మా.

టొయోటా వాళ్ళు 2017లో అమెరికా హెడ్డాఫీసుని కాలిఫోర్నియా నుంచి మా ఊరికి మార్చారు. దాంతో జపాన్ కుటుంబాలు చాలా వచ్చాయి. అదే సంవత్సరం మిత్సువా అని వాళ్ళ కిరాణా కొట్టు పెట్టారు, మన పటేల్ బ్రదర్స్ లాంటిదే. లోపలే తినడానికి బల్లలు. దగ్గర్లోనే కినోకునియా అని పుస్తకాల షాపు కూడా ఉంది. శనివారాలు నేను లైబ్రరీలో ఇంగ్లీషు మాట్లాడటం నేర్చుకునేవాళ్ళతో కూర్చుంటానని చెప్పాను కదా, అక్కడికి ఒకావిడ వస్తారు. మన దొడ్డమ్మ వయసుంటుంది. భర్త ఉద్యోగం కోసం వచ్చారు. పిల్లలు జపాన్‌లోనే ఉన్నారు. మిడ్‌నైట్ డైనర్ చూశానని చెప్పగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఆ రోజు నుంచి క్లాసు అవగానే మిత్సువాకి వెళ్ళి టీ తాగుతూ మాట్లాడుకోవడం అలవాటైంది.

మాట్లాడుకోవడం అంటే పోట్లాడుకోవడమే. మాస్టర్ హోటల్లో అందరూ అందరి మంచీచెడ్డా పట్టించుకుంటారు, అంత తీపి నాకెక్కదు అంటారు ఆవిడ. ఆవిడకి ఇష్టమైంది 'కొదొకు నో గురుమే'. 2012 నుంచి వస్తోంది. మత్సుషిగె యుతక అనే నటుడు, పొడుగు మనిషి, సూటు వేసుకుని పని మీద ఊళ్ళు తిరుగుతూ ఉంటాడు. ఉన్నట్టుండి ఆకలేస్తుంది. ఏదో ఒక చిన్న హోటల్లోకి వెళ్ళి ఒక్కడే కూర్చుని కడుపునిండా తింటాడు. మందు అలవాటు లేదు. కథ అంతే! ఆ హోటళ్ళు నిజంగా ఉన్నవే. ఆ తినడం చూడాలమ్మా. ఫోన్ చూడడు, సిగ్గుపడడు, మొదటి ముద్దకే కళ్ళు విప్పార్చి లోపల్లోపల మాట్లాడుకుంటాడు. ఒక్కదాన్నే తింటున్నానని నువ్వు బాధపడతావు కదా. అది చూశాక నేను ప్లేటు బల్ల మీద పెట్టుకుని, కంచం చుట్టూ అన్నీ సర్దుకుని తింటున్నాను. సింక్ దగ్గర నిలబడి తినడం పోయింది.

'ఒషిన్' కూడా ఆవిడే చూపించారు, అన్నీ కాదు, కొన్ని భాగాలు. 1983లో వచ్చింది, రోజూ పొద్దున పావుగంట చొప్పున 297 భాగాలు. అక్కడ సగానికి పైగా ఇళ్ళల్లో చూసేవారట, అరవైకి పైగా దేశాల్లో వేశారు. ఏడేళ్ళ పిల్లని ఒక బస్తా బియ్యానికి పరాయి ఇంట్లో పిల్లల్ని ఆడించే పనికి పంపుతారు. మంచులో పడవ మీద పిల్ల వెళ్ళిపోతుంటే వెనక తండ్రి ఒడ్డున పరిగెడతాడు. మామ్మ చిన్నప్పుడు వాళ్ళ మేనత్తగారింట్లో ఉన్న రోజులు చెప్పేది కదా, అదే గుర్తొచ్చింది. ఆఫీసులో ఒక ఇరాన్ ఆయనకి చెబితే చేస్తున్న పని ఆపేశాడు. యుద్ధం రోజుల్లో వాళ్ళ దేశమంతా అది చూసిందట. వాళ్ళమ్మ ఏడ్చేదట. అరగంట అదే మాట్లాడాడు. అంతకుముందు మా ఇద్దరి మధ్యా గుడ్‌మార్నింగ్ తప్ప మాటలు లేవు.

ఇది మాత్రం నాన్నగారికి చదివి వినిపించాలో వద్దో నువ్వే చూడు.

'హన్జావా నవోకి' అని 2013లో వచ్చింది. చివరి భాగాన్ని టోక్యో చుట్టుపక్కల నూటికి 42 ఇళ్ళలో చూశారు. కథ రాసినాయన బ్యాంకులో పనిచేసినవాడే. ఈ జపాన్ ఆవిడ వాళ్ళింట్లో డీవీడీలున్నాయి. ఆవిడ మధ్యమధ్యలో ఆపి ఇంగ్లీషులో చెబుతుంటే చూశాను. ఒసాకాలో ఒక బ్యాంకు బ్రాంచి. మేనేజరు బలవంతం మీద ఒక స్టీలు కంపెనీకి 50 కోట్ల యెన్ల అప్పు హామీ లేకుండా ఇస్తారు. అవి దొంగ లెక్కలు, కంపెనీ మునుగుతుంది. మేనేజరు తప్పంతా లోన్లు చూసే హన్జావా మీదికి తోస్తాడు. విచారణ గదిలో పైవాళ్ళు వరసగా కూర్చుని, ఒప్పుకో ఒప్పుకో అంటారు. అక్కడ నేను ఆపమన్నాను. ఇంక చూడలేకపోయాను.

ఆ రైసుమిల్లు లోను గుర్తుంది కదమ్మా. పైనుంచి ఒత్తిడి చేసి ఇప్పించినవాళ్ళు బాగానే ఉన్నారు, మెమో నాన్నగారికి వచ్చింది. ఒడిశా సరిహద్దు దగ్గర బ్రాంచికి వేశారు. నువ్వు మాతో ప్రమోషన్ అని చెప్పావు. ఆదివారం రాత్రి బ్యాగు పట్టుకుని వెళ్ళేటప్పుడు నాన్నగారు గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కోవడానికి చాలాసేపు పట్టేది. ఎంక్వైరీలో ఏమీ తేలలేదని మాకు తెలిసేసరికి నేను ఇంటర్‌లో ఉన్నాను. అప్పటికీ ఇంట్లో ఎవరం దాని గురించి మాట్లాడలేదు.

హన్జావా ఎదురుతిరుగుతాడు. తన మీద తోసినవాళ్ళని బయటపెడతాడు, చివరికి ఒక పెద్ద డైరెక్టరుని అందరి ముందూ మోకాళ్ళ మీద కూర్చోబెట్టి తల నేలకి ఆనించేలా చేస్తాడు. మెచ్చుకుంటారనుకుంటాం కదా, బ్యాంకు ప్రెసిడెంటు అతన్ని అనుబంధ కంపెనీకి పంపించేస్తాడు. అంతటితో ముగించారు. నాకు కోపం వచ్చింది. ఆవిడ మాత్రం, అది సీరియల్ కాబట్టి తిరగబడ్డాడు, బయట ఎంతమంది తిరగబడతారు అన్నారు. అప్పుడే వాళ్ళాయన ఆఫీసు నుంచి వచ్చి, బ్యాగు భుజాన ఉండగానే నిలబడి ఆ సీను చూశారు. ఏమీ అనలేదు. లోపలికెళ్ళి మా ఇద్దరికీ టీ పెట్టుకొచ్చారు.

ఇంటికొచ్చాక నాకు ఒకటే ఆలోచన. ఆ ఊళ్ళో, ఆ లాడ్జి గదిలో రాత్రిపూట నాన్నగారు ఎవరితో మాట్లాడేవారు? నాకు ఈవిడ ఉన్నారు, ఆయనకి ఎవరైనా ఉన్నారా? నువ్వు అడిగావా ఎప్పుడైనా? నేను వచ్చినప్పుడు అడగాలని ఉంది. ఆయన తప్పేం లేదని నాకు తెలుసునని ఆయనకి చెప్పాలని ఉంది. అంతకుముందే నువ్వు చెప్పినా పర్వాలేదు.

అన్నయ్య మీద కోప్పడకు, బెంగ కొద్దీ చెప్పాడు. మనింట్లో నెట్‌ఫ్లిక్స్ ఉంది కదా, వదినని మిడ్‌నైట్ డైనర్ పెట్టమను. ఒక్కోటి అరగంటలోపే. ఇంగ్లీషు అక్షరాలు తను చదివి చెబుతుంది, నువ్వు మామ్మకి చెప్పు. దూరదర్శన్‌లో హిందీ సీరియళ్ళు వచ్చే రోజుల్లో చెప్పేదానివట కదా. చూశాక నాకు ఫోన్ చెయ్యి. ఆ పాటగత్తె విషయంలో మాస్టర్ చేసింది సరైనదేనా, ఇంకేమైనా చెయ్యాల్సిందా, నువ్వేమంటావో వినాలి. మాకు శనివారం పొద్దున్న పది అంటే మీకు రాత్రి ఎనిమిదిన్నర. అప్పుడైతే తీరిగ్గా ఉంటాను.

మాగాయ అయిపోవచ్చింది. అక్క తోడికోడలు ఆగస్టులో డల్లాస్ వస్తోందన్నారు, వాళ్ళకి బరువు కాకపోతే ఒక అరకేజీ పంపు. మూత చుట్టూ టేపు వెయ్యి, పోయినసారి నూనె కారింది. నాన్నగారి బీపీ బిళ్ళలు మార్చారా లేదా రాయి.

నీ బుజ్జి