అసైన్‌మెంటును అంచెలుగా తీసుకోండి

సంపాదకులకు,

అసైన్‌మెంటును ఆఖరి రాత్రి దాకా నెట్టే డిగ్రీ పిల్లల్ని బద్ధకస్తులని తిట్టి ఊరుకోవడం అన్యాయం. మా గజపతి, రాయగడ జిల్లాల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, డిగ్రీకి వచ్చేసరికి ఇంగ్లీషు. అలాంటివాళ్లకు ‘2,000 పదాల్లో రాసి తెండి’ అని ఒక్క ముక్కలో చెబితే ఎక్కడ మొదలుపెట్టాలో తోచక పక్కన పడేస్తారు. పనిని విడగొట్టడం ఎవరో ఒకరు నేర్పాలి.

‘నౌపడ–గుణుపురం చిన్న రైలు’ అన్న అంశం ఇచ్చారనుకుందాం. ఆ పేరు పెట్టుకుని కూర్చుంటే పని కదలదు. 1900లో పర్లాకిమిడికి వచ్చిన లైనును 1931 నాటికి గుణుపురం దాకా ఎందుకు పొడిగించారు అని ప్రశ్నగా మార్చుకుంటే ఏం వెతకాలో తెలుస్తుంది. ఇది అరగంట పని. తర్వాత మూడు ఆధారాలు, ఒక్కోదానికి అర పేజీ నోట్సు. పుస్తకం పేరు, పేజీ నంబరు అక్కడికక్కడే రాసుకోవాలి. లేకపోతే చివర్లో ఒక్క అంకె కోసం మళ్లీ లైబ్రరీకి పరుగెత్తాలి, ఆ రోజు అది మూసి ఉంటే అంతే సంగతులు. ఆపైన ఏ పేరాలో ఏం చెప్పాలో ఆరేడు వాక్యాల్లో, తెలుగులోనే, రాసుకోవాలి. ఆలోచననూ అనువాదాన్నీ ఒకేసారి నెత్తికెత్తుకున్నవాళ్లే మొదటి పేరా దగ్గర ఆగిపోతారు. అసలు ఆ పేరా ఆఖర్న రాసుకోవాల్సింది. మధ్య భాగంతో మొదలుపెట్టి రోజుకు 300 పదాలు రాస్తే వారంలో చిత్తుప్రతి సిద్ధం. ఒక రోజు దాన్ని ముట్టకుండా ఉంచి, మరునాడు దిద్దాలి.

ఇలా విడగొట్టినా కొందరికి పని సాగదు. ‘చదవాలి’ అని రాసుకుంటే ఎంత చదివితే అయినట్టో తెలియదు. ‘రెండో అధ్యాయంలో పది పేజీలు చదివి ఐదు వాక్యాలు రాయాలి, ఏడింటికి, వరండాలో’ అని రాసుకుంటే తెలుస్తుంది. ఒక రోజు తప్పితే మర్నాడు రెండు రోజుల పని మీద వేసుకోకూడదు, తేదీలన్నీ ఒక రోజు జరపాలి. అందుకే గడువుకు మూడు రోజుల ముందే ముగిసేలా వెనకనుంచి లెక్క వేసుకోవాలి. మనిషి తన పనికి పట్టే సమయాన్ని తక్కువగా అంచనా వేస్తాడని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమాన్, ట్వెర్‌స్కీ 1979లోనే చెప్పారు. గంట అనుకున్నచోట గంటన్నర వేసుకోవాలి. గాలివానకు కరెంటు పోయే ఊళ్లలో, ఆఖరి రోజున జెరాక్స్ షాపు ముందు గుంపు చేరే చోట ఆ మూడు రోజులూ తప్పనిసరి. ఇక రంగురంగుల టైంటేబుల్ గీయడంలోనే రెండు సాయంత్రాలు గడిపేవాళ్లూ ఉన్నారు. అదీ వాయిదా వేయడమే.

తోటి అధ్యాపకులను కోరేది ఒకటే. 20 మార్కుల అసైన్‌మెంటుకు ఒక్క ఆఖరి తేదీ ఇచ్చి వదిలేయకండి. ప్రశ్నకు 2, నోట్సుకు 4, చిత్తుప్రతికి 6, తుది ప్రతికి 8 చొప్పున విడగొట్టి, వారానికొకటి తీసుకోండి. ప్రశ్న చూడటానికి ఒక్కొక్కరికి రెండు నిమిషాలు చాలు, 60 మంది క్లాసుకైనా రెండు గంటలే. ‘పర్లాకిమిడి చరిత్ర’ అని రాసుకొచ్చిన విద్యార్థి చేత మొదటి వారంలోనే ప్రశ్నను చిన్నది చేయించవచ్చు. ఇంటర్నెట్ నుంచి ఎత్తిరాసింది ఉంటే నోట్సు, చిత్తుప్రతి పక్కపక్కన పెట్టి చూసినప్పుడే బయటపడుతుంది, అప్పటికి దిద్దుకోవడానికి ఇంకా వ్యవధి ఉంటుంది.

– కొందరు డిగ్రీ అధ్యాపకులు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా