కొత్త పీఎస్5లు తేలేకపోతున్నాను, గంటకి 10 రూపాయలు పెంచుతున్నాను

పర్లాకిమిడి తమ్ముళ్ళకి, పాతపట్నం నుంచి బండేసుకుని వచ్చే కుర్రోళ్ళకి, హాస్టల్ పిల్లలకి, మన ఒడియా భాయ్‌లకి అందరికీ నమస్తే. విషయం ముందే చెప్పేస్తాను. దసరాకి మన గేమ్ షాపు బయట కాయితం అంటించాను కదా, సంక్రాంతికి రెండు కొత్త పీఎస్5లు, అంటే సోనీ ప్లేస్టేషన్ 5 గేమ్ మిషన్లు, వస్తున్నాయని, అవి రావట్లేదు. సంక్రాంతికే కాదు, ఈ ఏడాదిలో వస్తాయని కూడా ఇప్పుడు మాటివ్వలేను. ఉన్న రెండు పీఎస్5ల మీద ఫిబ్రవరి 1 నుంచి గంటకి 60 బదులు 70 తీసుకుంటాను. పీఎస్4లు మూడూ 40 లోనే ఉంటాయి, వాటి రేటు ముట్టుకోను.

పది రూపాయలే కదా అని మీలో చాలామంది ఏమీ అనరు, నాకు తెలుసు. కానీ రోజూ కాలేజీ అయ్యాక నలుగురు కలిసి ఇరవై ఇరవై వేసుకుని ఆడే పిల్లలున్నారు, వాళ్ళకి పది రూపాయలంటే పదే. అందుకే లెక్క మొత్తం మీ ముందు పెడుతున్నా.

ఈ షాపు నేను 2012లో రెండు పీఎస్2లు, ఒక సెకండ్ హ్యాండ్ పీఎస్3తో మొదలెట్టాను. అప్పుడు నాకు డబ్బు లేదు కానీ ఒక ధైర్యం ఉండేది, ఆగితే రేటు తగ్గుతాది అని. పీఎస్2 అమెరికాలో 2000లో 299 డాలర్లకి వచ్చింది, 2002కి 199 అయింది, 2009కి 99 డాలర్లకి దిగింది. పీఎస్3 పెద్ద మోడల్ 2006లో 599 డాలర్లు, అందరూ తిట్టుకున్నారు, మూడేళ్ళకి స్లిమ్ అనే సన్నటి మోడల్ వచ్చేసరికి 299. పీఎస్4 2013లో 399, 2016లో స్లిమ్ 299. మన దేశంలో పీఎస్4 2014 జనవరిలో 39,990కి దిగినప్పుడు నేను దాని వంక కూడా చూళ్ళేదు, ఆగాను, తగ్గింది, అప్పుడు కొన్నాను. పెద్ద సిటీల వాళ్ళు కొత్తలో కొంటారు, మూడేళ్ళకి మనలాంటి ఊళ్ళకి అందుతాది, నా వ్యాపారం మొత్తం ఆ ఒక్క లెక్క మీదే నడిచింది.

ఆ లెక్క ఇప్పుడు పోయింది, అసలు సంగతి అదే.

పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న వచ్చింది, డిస్క్ ఉన్నది 49,990, డిస్క్ లేనిది 39,990. 2026 ఫిబ్రవరికి ఐదేళ్ళు. పాత లెక్క ప్రకారం ఈపాటికి 30 వేల దగ్గరలో ఉండాలి. కానీ 2022 నవంబరులో ఐదు వేలు పెంచి 54,990 చేశారు, 2024 ఏప్రిల్‌లో స్లిమ్ వచ్చినా అదే 54,990కే పెట్టారు. పండగ ఆఫర్లలో నాలుగైదు వేలు తగ్గిస్తే అది మళ్ళీ మొదటి రోజు రేటే కదా. అమెరికాలోనే 499 ఉన్నది 2025 ఆగస్టులో 549 చేశారు, మైక్రోసాఫ్ట్ వాళ్ళ గేమ్ మిషన్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ అయితే అదే 2025లో రెండుసార్లు పెరిగింది, 499 నుంచి మే నెలలో 599, అక్టోబరులో 649. బియ్యం పాతబడితే రేటు పెరుగుతాది, అది మనకి తెలిసిందే, మిషన్ పాతబడితే రేటు పెరగడం మాత్రం నేను ఇన్నేళ్ళలో చూళ్ళేదు.

ఎందుకిలా అని నన్ను రోజూ అడుగుతారు కాబట్టి నాకు అర్థమైనంత చెప్తాను. మిఠాయి కొట్లో కోవా పళ్ళెంలో పరిచి ముక్కలు కోస్తారు కదా, చిప్పులు కూడా అలాగే ఒక పెద్ద సిలికాన్ పళ్ళెం మీద తయారుచేసి కోస్తారు. రెండేళ్ళకోసారి ముక్క సైజు చిన్నదయ్యేది, అదే పళ్ళెంలో ఎక్కువ ముక్కలు వచ్చేవి, ఒక్కో ముక్క ఖర్చు తగ్గేది, ఆ తగ్గిందే మనదాకా వచ్చేది. ఇప్పుడు ముక్క చిన్నది చెయ్యాలంటే పళ్ళెం ఖరీదే బాగా పెరిగిపోతోంది. పీఎస్5 చిప్పు మొదట్లో 7 నానోమీటర్ల పద్ధతిలో చేసేవారు, తర్వాత ఇంకా చిన్నగా 6 చేశారు, మిషన్ సన్నబడింది, కొంచెం చల్లగా నడుస్తోంది, రేటు మాత్రం దిగలేదు.

దానికి తోడు మెమరీ. పీఎస్5 లోపల 16 జీబీ మెమరీ, అంటే ర్యామ్ లాంటిది, ఉంటాది. ప్రపంచంలో మెమరీ చేసే పెద్ద కంపెనీలు మూడే, శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్, ఆ మూడూ ఇప్పుడు ఏఐ డేటా సెంటర్లకి కావలసిన మెమరీ చెయ్యడంలో పడ్డాయి, ఎందుకంటే లాభం అక్కడే ఎక్కువ. మా వీధిలో కంప్యూటర్ షాపు అన్నయ్య మొన్న ఒక 16 జీబీ ర్యామ్ స్టిక్ నా చేతిలో పెట్టి రేటు చూడు అన్నాడు, దసరా ముందు చెప్పిన రేటుకి రెండింతలు దాటింది, ఆ అన్నయ్య ఒక కస్టమర్‌కి పాత రేటుకి మాటిచ్చేసి ఇప్పుడు చేతి డబ్బు వేసుకుని ఇస్తున్నాడు. ర్యామ్ ఇంత పెరిగితే రేపు గేమ్ మిషన్ తగ్గుతాదని నేను ఎలా అనుకుంటాను.

ఇంకోటి రూపాయి. 2021 మొదట్లో డాలరు 73 దగ్గర ఉండేది, 2025 డిసెంబరులో 90 దాటింది. 500 డాలర్ల వస్తువు మీద అక్కడ ఒక్క పైసా పెంచకపోయినా ఇక్కడ 8,500 తేడా వచ్చేసింది.

బోర్డర్ దాటి ఆంధ్రాలో, వైజాగ్‌లో కొంటే తక్కువ రాదా అన్నా అని కనీసం పది మంది అడిగారు. పాతపట్నం వాళ్ళు ఆంధ్రా నుంచి మన ఒడిశా వైపు వచ్చి పెట్రోలు కొట్టించుకుంటారు కదా, ఇదీ అలాగే అనుకుంటున్నారు. పెట్రోలు జీఎస్టీలో లేదు, ఏ రాష్ట్రం పన్ను ఆ రాష్ట్రానిది, అందుకే అక్కడో రేటు ఇక్కడో రేటు. గేమ్ మిషన్ మీద జీఎస్టీ ఒడిశాలోనైనా ఆంధ్రాలోనైనా 18 శాతమే, 54,990లో దగ్గర దగ్గర 8,400 అదే. 2025 సెప్టెంబరు 22న 32 అంగుళాలు దాటిన టీవీల మీద 28 నుంచి 18కి తగ్గించారు కాబట్టి ఆ సమయంలో నేను మూల సీటు దగ్గర 43 అంగుళాల టీవీ మార్చగలిగాను, మీరు చూశారు. గేమ్ మిషన్ అంతకుముందే 18లో ఉంది, దానికి ఏమీ తగ్గలేదు.

ఇప్పుడు నా తప్పు. దసరా ముందు వేరే ఊళ్ళో ఒకాయన, రెండు సీలు పీసులు ఉన్నాయి, ఒక్కోటి 46 వేలకి ఇస్తాను అన్నాడు. బిల్లు తర్వాత పంపుతాను అన్నాడు, నేను అక్కడే ఆగాల్సింది, ఆగలేదు, 20 వేలు అడ్వాన్సు వేసేశాను, ఆ ధైర్యంతోనే కాయితం అంటించాను. పదిహేను రోజులకి ఒక పీసు వచ్చింది. పెట్టె సీలు బాగానే ఉంది, మిషన్ తిప్పి చూస్తే వెనక టీవీ వైరు పెట్టే హెచ్‌డీఎంఐ పోర్టు చుట్టూ గీతలు, ఎవరో ఇప్పి మళ్ళీ సోల్డరింగ్ పెట్టినట్టు మసి. ఆన్ చేస్తే పది నిమిషాలకి ఫ్యాను ఊళ పెట్టి ఆగిపోయింది. పీఎస్5లో చిప్పుకీ, దాని వేడి లాగే హీట్‌సింక్‌కీ మధ్య పేస్టు కాదు లిక్విడ్ మెటల్ ఉంటాది, తెలియని వాడు ఇప్పితే అది పక్కకి జారి బోర్డు మీద పడుతాది, అలాంటి పీసు నేను తీసుకోలేను. వెనక్కి పంపాను, నెలన్నర ఫోన్లు చేస్తే 11 వేలు వచ్చాయి, మిగతా 9 వేలు పోయాయి. ఆ 9 వేలు మీ రేటు మీద వెయ్యట్లేదు, అది నా తొందరకి నేను కట్టుకున్నది.

మరి పది రూపాయలు ఎందుకంటే ఇదిగో. కొత్త మిషన్ 55 వేలు, రెండో కంట్రోలర్ 6 వేలు, ఒక కొత్త గేమ్ 5 వేలు, దానికో టీవీ, యూపీఎస్ కలిపి 95 వేలు అవుతాది. ఒక సీటు రోజుకి సగటున ఐదు గంటలు నడుస్తాది, పరీక్షలప్పుడు రెండు గంటలు కూడా నడవదు. గంటకి 60 లెక్కన 300. అద్దె, కరెంటు, కౌంటర్ దగ్గర తమ్ముడి జీతం తీస్తే 120 మిగులుతాది. 95 వేలు రావాలంటే 790 రోజులు, అంటే రెండేళ్ళ పైనే, ఈలోపు కంట్రోలర్లు రెండు మూడు జతలు పోతాయి. పాత రోజుల్లో 25 వేలకి మిషన్ దొరికితే ఏడాదిలో వచ్చేసేది. అప్పు చేసి తెస్తే ఆ వడ్డీ కోసం గంటకి 90, 100 చెయ్యాలి, అప్పుడు మీలో సగం మంది రారు, నాకు అది ఇష్టం లేదు. పెంచిన పదీ ఉన్న మిషన్లు బాగుచేసి నడపడానికే.

బాగుచెయ్యడం అంటే ఏంటో ఒకసారి వచ్చి చూడండి. మొన్న బుధవారం రాత్రి షాపు కట్టేశాక మూడో నంబరు కంట్రోలర్ ఇప్పాను, ఫుట్‌బాల్ ఆడేటప్పుడు ప్లేయర్ తనంతట తనే కుడివైపు పోతున్నాడని మీరు గోల పెట్టింది అదే. స్టిక్కు కింద పెసరగింజంత తెల్లటి పొడి, ప్లాస్టిక్ అరిగి రాలింది, దాని పక్కన లోపలి నల్ల పట్టీ మీద సన్నటి గీత, రోజూ అదే చోట రుద్దుకుని ఆ పట్టీ అరిగిపోతే స్టిక్కు మధ్యలో ఉన్నా పక్కకి నొక్కారని మిషన్ అనుకుంటాది. ఆ స్టిక్కు ఉన్న ముక్కని మాడ్యూల్ అంటారు, దానికి కాళ్ళు పధ్నాలుగు, ఒక్కొక్కటి వేడి చేసి సీసం లాగి తీయాలి, గంటన్నర పట్టింది, మాడ్యూల్ ఖరీదు 200 లోపే. కొత్త కంట్రోలర్ కొంటే 6 వేలు. కాబట్టి మిక్చరు తిన్న చేత్తో ముట్టుకోవద్దు తమ్ముళ్ళూ, నూనె లోపలికి దిగి దుమ్ము పట్టేస్తోంది, బేసిన్ దగ్గర సబ్బు పెట్టాను.

పీఎస్5లోనే ఇంకా పవర్ ఉన్న ప్రో మోడల్ తెస్తావా అని అడిగేవాళ్ళకి: పీఎస్5 ప్రో 2024 నవంబరులో అమెరికాలో 699 డాలర్లకి వచ్చింది, డిస్క్ డ్రైవ్ కూడా అందులో రాదు, 2025 ఆగస్టులో 749 చేశారు. అప్పుడు మన దేశంలో రిలీజ్ చెయ్యలేదు, అందులో ఉన్న కొత్త వైఫై వాడే 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి ఇక్కడ అప్పటికి అనుమతి రాలేదని కంపెనీయే చెప్పింది. బయట నుంచి తెప్పించింది పాడైతే వారంటీ ఎవరిని అడుగుతాం. నింటెండో కంపెనీ గేమ్ మిషన్ స్విచ్ 2 కూడా అంతే, వాళ్ళు మన దేశంలో నేరుగా అమ్మదు.

జీటీఏ 6 గేమ్ 2026 నవంబరు 19న అన్నారు, అది పీఎస్4లో రాదు, మన షాపులో అయితే పీఎస్5లోనే ఆడాలి. నా దగ్గర ఉన్నవి రెండే కాబట్టి ఆ నెలలో టోకెన్లు పెడతాను, ఒక్కొక్కరికి రోజుకి గంట. బడి పిల్లలకి ఆ గేమ్ పెట్టను, ముందే చెప్తున్నా.

గతవారం ఒక తండ్రి, రైస్ మిల్లులో పని చేస్తాడు, కొడుకుని తీసుకుని వచ్చాడు, వాడు తొమ్మిదో క్లాసు, ఈఎంఐలో పీఎస్5 కొనమని నెల రోజులుగా అన్నం మానేస్తున్నాడట. నెలకి ఐదు వేలట బాబూ, కొనీమంటావా అని నన్ను అడిగాడు. నేను వద్దన్నాను. మిషన్‌తో అయిపోదు బాబాయ్, గేమ్ ఒక్కోటి 5 వేలు, మూడు గేములు కొంటే మూడు నెలల ఈఎంఐ అని చెప్పాను. గుంటడు నా వంక కోపంగా చూశాడు, వాడికి ఆ రోజు గంట ఉచితంగా పెట్టాను. రోజూ రమ్మనలేదు, ఆదివారం రమ్మన్నాను.

బడి పిల్లలకి ఆదివారం పన్నెండు లోపు పీఎస్5 అయినా పాత రేటే, 60. నెల పాస్ ఉన్నవాళ్ళకి పాస్ అయ్యేదాకా మార్పు లేదు. కొత్త మిషన్లు వస్తాయని నమ్మి దసరాకి వెయ్యి చొప్పున ముందే కట్టినవాళ్ళు పదకొండు మంది, మీ పేర్లు పుస్తకంలో ఉన్నాయి, ఎవరి వెయ్యి వాళ్ళకి ఇచ్చేస్తాను. ఎనిమిది మందికి డబ్బు సిద్ధంగా ఉంది, మిగతా ముగ్గురికి 10వ తారీకు లోపు ఇస్తాను. సాయంత్రం ఆరు తర్వాత షాపులో నేనే ఉంటాను, రసీదు పోయినా పరవాలేదు, వచ్చి పట్టికెళ్ళండి.