ఎఫ్‌ఎం మీద పెట్టిన శాటిలైట్ రేడియోలు వెనక్కి తీసుకురండి, వైరు నేనే మారుస్తాను

నమస్తే అండి. గత రెండేళ్ళలో డాలస్‌లో మా షాపులో కారుకి పోర్టబుల్ శాటిలైట్ రేడియో (ఉపగ్రహం నుంచి నేరుగా పాటలు అందుకునే చిన్న పెట్టె) పెట్టించుకున్నవాళ్ళందరికీ ఇది రాస్తున్నాను. విషయం ముందే చెప్పేస్తాను. మీలో చాలామందికి నేను పని సగమే చేసి పంపాను, డబ్బు మాత్రం పూర్తిగా తీసుకున్నాను. ఆ మిగిలిన సగం ఇప్పుడు చేస్తాను. దానికి మీరేమీ ఇవ్వక్కర్లేదు.

పోయిన నెల ఒక పెద్దాయన మూడోసారి వచ్చారు. పాత క్యామ్రీ. "తమ్ముడూ, మావాడి దగ్గరికి హ్యూస్టన్ వెళ్తుంటే దారంతా నా పాటలో ఎవరో పాస్టర్ గారు దూరుతున్నారయ్యా. కోర్సికానా దాటాక పాట పోయి ప్రసంగం ఒక్కటే మిగిలింది" అన్నారు. మొదటి రెండుసార్లూ ఫ్రీక్వెన్సీ మార్చి పంపేశాను. ఈసారి మాత్రం ఆయన పక్క సీట్లో కూర్చుని హ్యూస్టన్ వెళ్ళే ఐ-45 హైవే మీద దక్షిణానికి వెళ్ళాను. డాలస్‌లో ఖాళీగా ఉన్న ఫ్రీక్వెన్సీ మీద అరగంటలో ఇంకో స్టేషను వచ్చి కూర్చుంది. మార్చాం. కాసేపటికి అక్కడా ఎవరో ఉన్నారు. ఆయన ఏమీ అనలేదు, నావైపు చూసి నవ్వారంతే. తిట్టినా బాగుండేది.

లోపం రేడియోలో లేదు, నేను పెట్టిన పద్ధతిలో ఉంది. ఈ చిన్న రిసీవర్లు ఆకాశం నుంచి వచ్చిన పాటని కారు స్పీకర్లకి చేర్చడానికి కొన్ని దారులున్నాయి. అన్నిటికన్నా తేలికైంది ఎఫ్‌ఎం. రిసీవర్‌లోనో దాన్ని నిలబెట్టే స్టాండులోనో (డాక్ అంటారు) ఒక బుల్లి ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య ఖాళీ చోటు ఒకటి చూసి దాన్ని అక్కడ పెడితే, కారు స్టీరియో దాన్నీ ఒక స్టేషననుకుని పట్టుకుంటుంది. డాష్‌బోర్డు విప్పక్కర్లేదు, పది నిమిషాల్లో అయిపోతుంది. శనివారం బయట నాలుగు కార్లు ఆగి ఉన్నప్పుడు పది నిమిషాల పని ఎంత ముద్దొస్తుందో మీకు చెప్పక్కర్లేదు.

కానీ ఆ ట్రాన్స్‌మిటర్ బలం ఎంత ఉండాలో ఎఫ్‌సీసీ (ఇక్కడ రేడియో తరంగాల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ) గట్టిగా కట్టడి చేసింది. మూడు మీటర్ల దూరంలో మీటరుకి 250 మైక్రోవోల్టులు దాటకూడదు. లేకపోతే పక్క కారువాడి రేడియోలో మీ పాట వినిపిస్తుంది. నిజంగానే అలా జరిగేది. 2006లో అప్పటి ఎక్స్‌ఎం, సిరియస్ అనే రెండు శాటిలైట్ రేడియో కంపెనీల (తర్వాత కలిసి సిరియస్‌ఎక్స్‌ఎం అయ్యాయి) రిసీవర్లలోనూ కొన్ని ఆ హద్దు దాటుతున్నాయని తేలి, కొన్నాళ్ళు సరుకు పంపడం ఆపి సరిచేయాల్సి వచ్చింది. అంటే ఎఫ్‌ఎం దారి బలహీనంగా ఉండటం లోపం కాదు, నియమం. పైగా చాలా కార్లకి ఎఫ్‌ఎం యాంటెన్నా వెనక అద్దంలోనో పైకప్పు వెనక చివరో ఉంటుంది. డాష్‌బోర్డు మీద గొణిగే పెట్టె మాట అక్కడికి చేరేలోపు, వేల వాట్లతో అరిచే స్టేషను దాన్ని తొక్కేస్తుంది.

మా పుస్తకం తిరగేశాను. ఎఫ్‌ఎం మీద పెట్టి పంపిన కార్లలో సగానికి పైగా ఆక్స్ సాకెట్ ఉంది, అంటే బయటి పాటని తీగతో నేరుగా స్టీరియోకి ఇచ్చే చిన్న రంధ్రం. ఒక చిన్న తీగ, రెండు చివర్లా మూడున్నర మిల్లీమీటర్ల పిన్ను. అది వాడి ఉంటే ఆ పాస్టర్ గారు వచ్చేవారే కాదు. సాకెట్ ఆర్మ్‌రెస్ట్ లోపల ఉంటే తీగ కన్సోల్ కింద నుంచి లాగాలి, అరగంట అదనంగా పడుతుంది. ఆ అరగంటకి బద్ధకించాను.

కాబట్టి ఇకమీదట ఆక్స్ ఉన్న ఏ కారుకీ మా షాపులో ఎఫ్‌ఎం పెట్టను, మీరు అడిగినా పెట్టను. ఆక్స్ లేని పాత కారు అయితే క్యాసెట్ అడాప్టర్, అంటే తీగ ఉన్న ఉత్తుత్తి క్యాసెట్. నవ్వకండి, ఎఫ్‌ఎం కన్నా అది ఎన్నో రెట్లు నయం. క్యాసెట్ కూడా లేకపోతే స్టీరియో వెనక ఎఫ్‌ఎం డైరెక్ట్ అడాప్టర్ వేస్తాను. అది కారు యాంటెన్నా తీగకీ స్టీరియోకీ మధ్యలో కూర్చుని, రిసీవర్ నడుస్తున్నంతసేపూ బయటి స్టేషన్లని ఆపేస్తుంది. డాష్ విప్పాలి, రెండు గంటల పని. మరీ కొత్త కార్లలో ఆక్స్ తీసేశారు, బ్లూటూతే గతి. దానికి బ్లూటూత్ ఉన్న రిసీవరే కొనాలి. ఫోను, రేడియో రెండూ ఒకే బ్లూటూత్ కోసం కొట్టుకుంటాయని ముందే చెప్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు.

ఇక యాంటెన్నా. నా రెండో తప్పు ఇదే, బహుశా మొదటిదానికన్నా పెద్దది.

అయస్కాంతంతో అతుక్కునే ఆ చిన్న నల్లబిళ్ళ కారు పైకప్పు మీద ఉండాలి, బయట. అంచు నుంచి మూడు నాలుగు అంగుళాలైనా లోపలికి ఉండాలి. కింద ఉన్న రేకు కూడా యాంటెన్నాలో భాగంలాగే పనిచేస్తుంది. "పెయింటు గీసుకుపోతుందేమో", "తీగ బయటికి కనబడుతుందేమో" అని మీలో కొందరు అడిగారు. సరే అని డాష్‌బోర్డు మీద అద్దం కింద పెట్టి పంపాను. అలా పెట్టిన కొన్ని కార్లలో ఎండ వేడి ఆపే లోహపు పూత ఉన్న విండ్‌షీల్డ్ ఉంది. వేడితోపాటు సిగ్నల్‌నీ అది ఆపేస్తుంది. వాళ్ళు ఫోన్ చేసినప్పుడు ఒకరిద్దరితో "ఉపగ్రహంలో ఏదో సమస్య ఉందట" అన్నాను. 2020 డిసెంబరులో పంపిన ఎస్‌ఎక్స్‌ఎం-7 ఉపగ్రహం పైకి వెళ్ళాక చెడిపోయిన మాట నిజమే, 2021 జూన్‌లో ఎస్‌ఎక్స్‌ఎం-8ని పైకి పంపారు. మీ కారులో పాట ఆగడానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. తప్పించుకోవడానికి అన్నాను. క్షమించాలి.

పైకప్పు మీదే ఎందుకో ఒక్క మాటలో చెప్తాను. మన డాలస్ నుంచి చూస్తే ఎక్స్‌ఎం ఉపగ్రహాల చోట్లు దక్షిణాన, ఒకటి కాస్త తూర్పుకీ ఒకటి కాస్త పడమరకీ, ఆకాశంలో సగం ఎత్తులో ఉంటాయి. కారు ఎటు తిరిగినా ఆ సగం ఎత్తు కనబడే చోటు పైకప్పు ఒక్కటే. "డౌన్‌టౌన్‌లో అన్ని బిల్డింగుల మధ్య బాగా వస్తుంది, మా ఇంటి వీధిలో చెట్ల కింద ఆగిపోతుంది, ఇదేం విచిత్రం" అన్నవాళ్ళున్నారు. విచిత్రమేమీ లేదు. పెద్ద ఊళ్ళ మధ్యలో నేల మీద రిపీటర్లు (అదే సిగ్నల్‌ని మళ్ళీ పంపే యంత్రాలు) పెట్టారు, అవి అందిస్తాయి. మీ వీధిలో ఉన్నవి ఓక్ చెట్లే. (2001 సెప్టెంబరులో ఎక్స్‌ఎం మొట్టమొదట మొదలైంది శాన్ డియాగోలోనూ మన డాలస్‌లోనూ. ఈ రంగంలో మనమే పాతకాపులం.)

బ్రిడ్జి కింద దూరినప్పుడు పాట ఆగకపోవడం గమనించారా? అదే కార్యక్రమం సుమారు నాలుగు సెకన్ల తేడాతో రెండుసార్లు వస్తుంది. ఒకటి తప్పిపోతే రెండోది ఆ ఖాళీ నింపుతుంది. గంటకి 60 మైళ్ళ మీద నాలుగు సెకన్లంటే దాదాపు 350 అడుగులు, మామూలు బ్రిడ్జికి చాలు. అదే బ్రిడ్జి కింద ట్రాఫిక్‌లో ఆగిపోతే మాత్రం చాలదు. కాబట్టి పాట అప్పుడప్పుడు ఆగితే కంగారు పడొద్దు. ఎప్పుడూ ఆగుతుంటే యాంటెన్నా తప్పుచోట ఉన్నట్టు.

ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కు ఉన్నవాళ్ళకి ఒక గమనిక. 2015 నుంచి ఆ బండి ఒళ్ళంతా అల్యూమినియం, అయస్కాంతం అతుక్కోదు. జారిపోయి తీగకి వేలాడుతూ టపటపా కొట్టుకుంటోందని ఒకాయన ఫోన్ చేసేదాకా నాకు ఆ సంగతి తట్టలేదు, సిగ్గుగానే ఉంది. వాటికి అతికించే పలక వేసి దానిమీద పెడతాను. బిళ్ళ కింద ఉన్న రేకు అల్యూమినియమైనా సిగ్నల్‌కి ఫర్వాలేదు. పైకప్పంతా గ్లాసైన టెస్లాలకి మాత్రం కారుని చూశాకే చెప్తాను. కుదరదంటే కుదరదనే అంటాను.

తీగ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, మీరే ఇంట్లో చేసుకోవాలనుకుంటే పనికొస్తుంది. బిళ్ళ పెట్టేముందు ఆ చోటు తడిగుడ్డతో తుడవండి. కింద ఇసుక రేణువు ఒక్కటున్నా చాలు, గీత పడుతుంది. మార్చాలంటే ఎత్తి పెట్టండి, జరపొద్దు. తీగని వెనక అద్దం రబ్బరు అంచు కింద నొక్కుతూ ట్రంక్ వైపు దించండి. ట్రంక్ రబ్బరు దగ్గర లోపలికి పోయేముందు కిందకి చిన్న వంపు వదలండి, వాన నీళ్ళు అక్కడే బొట్టుగా రాలిపోతాయి, తీగ వెంట లోపలికి రావు. తర్వాత వెనక సీటు కింద నుంచి, తలుపు గడప దగ్గరి ప్లాస్టిక్ పట్టీ కింద నుంచి ముందుకి. తీగ 20 అడుగుల దాకా ఉంటుంది. మిగిలింది కోయకండి, వదులుగా చుట్టి సీటు కింద పెట్టండి. బ్రష్షులు తిరిగే కార్‌వాష్‌కి వెళ్ళేముందు బిళ్ళని తీసి ట్రంక్‌లో పడేయండి. మరిచిపోతే అది కార్‌వాష్‌వాళ్ళకి దానం ఇచ్చినట్టే.

ఆక్స్‌కి మార్చాక కొన్ని కార్లలో కొత్త గోల మొదలవుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లలో దోమలాగా 'గీ' అని సన్నటి కూత, వేగం పెరిగేకొద్దీ కూతా పెరుగుతుంది. రిసీవర్‌కి కరెంటు తీగ నుంచి ఒకటీ, పాట తీగ నుంచి ఒకటీ, ఇలా రెండు దారుల్లో కారు ఎర్త్ కలిసినప్పుడు ఆల్టర్నేటర్ చప్పుడు అలా దూరుతుంది. దానికి గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని బొటనవేలంత డబ్బా ఉంది, తీగ మధ్యలో పెడితే పోతుంది. నా దగ్గర పెట్టించుకున్నవాళ్ళకి అదీ ఉచితమే.

ఒక నష్టం కూడా చెప్పాలి. వేసవిలో ఒక అక్క రిసీవర్‌ని కాల్చేశాను. ఆవిడ దగ్గరున్న పాత ఛార్జర్ పిన్ను దూరింది కదా అని పెట్టేశాను. ఇప్పటి డాక్‌లకి అయిదు వోల్టులే కావాలి, అది అంతకన్నా ఎక్కువ ఇచ్చే రకం. వాసన వచ్చింది, అంతే. కొత్తది కొనిచ్చాను. అప్పటినుంచి ఏ అడాప్టర్ వచ్చినా వెనక రాసిన అంకెలు చదవకుండా ముట్టుకోవడం లేదు. మీరూ చదవండి.

మన టెక్సస్ ఎండల్లో రిసీవర్‌ని కారులో వదలొద్దు. అద్దానికి అతికించిన రబ్బరు కప్పు మధ్యాహ్నానికి ఊడి పడుతుంది, లోపల బ్యాటరీ ఉన్న రకమైతే ఆ వేడికి ఉబ్బుతుంది. డాక్ ఉంచి రిసీవర్ జేబులో వేసుకెళ్ళండి. పోర్టబుల్ అని డబ్బిచ్చి కొన్నది అందుకేగా.

"అసలు ఇది కొనాలా, ఫోన్‌లో యాప్ చాలదా" అని చాలామంది అడుగుతున్నారు. ఇంటికీ ఆఫీసుకీ మధ్యే తిరిగేవాళ్ళకి యాప్ చాలు. నా దగ్గర కొనకండి. నెలకి రెండుసార్లయినా ఐ-10 మీద ఎల్ పాసో వైపు వెళ్ళేవాళ్ళకీ, బిగ్ బెండ్ లాంటి చోట్లకి పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళకీ, ట్రక్కు నడిపేవాళ్ళకీ ఇది పనికొస్తుంది. ఫోన్‌లో గీతలు పోయినచోట కూడా ఆకాశం ఉంటుంది. ఈ మాట వల్ల నాకు అమ్మకాలు తగ్గుతాయని మా ఆవిడ అంది. తగ్గనీ. మూడుసార్లు వెనక్కొచ్చే కస్టమరు కన్నా అసలు కొనని కస్టమరు నయం.

ఇండియా తీసుకెళ్తే పనిచేస్తుందా అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. పనిచేయదు. ఈ ఉపగ్రహాలు ఉత్తర అమెరికాకే పాడతాయి. ఇండియాలో ఉండేది వరల్డ్‌స్పేస్ అనే వేరే శాటిలైట్ రేడియో. అందులో తెలుగుకి 'స్పందన' అని ఒక ఛానెల్ ఉండేది, మా నాన్నగారు బాల్కనీలో ఆ యాంటెన్నాని ఆసియాస్టార్ ఉపగ్రహం వైపు తిప్పుతూ కూర్చునేవారు. 2009 చివర్లో అది ఆగిపోయింది. ఆ పెట్టె ఇప్పటికీ మా ఇంట్లో అటక మీద ఉంది, దేనికీ పనికిరాదు.

ఏర్పాటు ఇదీ. మంగళ, బుధవారాలు పూర్తిగా ఈ పనికే ఉంచాను, కొత్త పనులేవీ ఒప్పుకోను. ఆక్స్ మార్పు, యాంటెన్నా పైకప్పు మీదకి మార్చడం, ఐసొలేటర్ ఉచితం. ఎఫ్‌ఎం డైరెక్ట్ అడాప్టర్ అవసరమైతే దాని కొన్న ఖరీదు మాత్రం ఇవ్వండి, కూలి వద్దు. బిల్లు లేకపోయినా ఫర్వాలేదు, మీ పేరు మా పుస్తకంలో ఉంటుంది. సబ్‌స్క్రిప్షన్ సంగతులు కంపెనీతోనే మాట్లాడుకోవాలి, నా చేతిలో లేవు. ఫోన్ చేసేముందు ఛానెల్ 0కి తిప్పితే రేడియో ఐడీ కనబడుతుంది, రాసుకోండి. అందులో ఓ అనే అక్షరం ఉండదు, అలా కనిపించేది సున్నా. యాక్టివేట్ చేసేటప్పుడు కారుని గరాజ్‌లోంచి బయటికి తీయండి. మా షాపు రేకుల కింద కూడా అది పట్టదు, అందుకే మిమ్మల్ని పార్కింగ్‌లో నిలబెడుతుంటాను.

వచ్చేముందు ట్రంక్, వెనక సీటు ఖాళీ చేసుకుని రండి. పోయినసారి ఒకరి కారులో బియ్యం బస్తాలు దించడానికే పావుగంట పట్టింది.